బీర గింజలు ఎలా దాచాలి? మా అమ్మ సీసా కథ

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది కదా, మా ఇల్లు అక్కడే. గ్రౌండ్ ఫ్లోర్. నీళ్లు తీశాక నేను ఫ్రిజ్ పోయింది, ల్యాప్‌టాప్ పోయింది అని ఏడుస్తుంటే, అమ్మ బురదలో ఒక హార్లిక్స్ సీసా కోసం వెతుకుతోంది. పెళ్లైనప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకుని, ఏటా వేసి దాచుకుంటున్న నాటు బీర గింజలు. సీసా దొరికింది. లోపలికి నీళ్లు పోయి మొత్తం బూజు.

"పోనీలే అమ్మా, ప్యాకెట్ కొందాం" అన్నా. కొన్నాం, కాసింది. ఆ కాయ గింజలే మళ్లీ వేస్తే ఒక్కో పాదు ఒక్కో రకంగా కాసింది! ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్ అని ఉంది, నేనే చూసుకోలేదు. హైబ్రిడ్ గింజ అసలు మొలవదనుకుంటారు చాలామంది. మొలుస్తుందండీ, కానీ తల్లి గుణం నిలవదు. అందుకే దాచాలనుకుంటే నాటు రకంతోనే మొదలుపెట్టండి.

ఇక కాయ. చివర్లో మిగిలిన గిడసబారిన కాయని విత్తనానికి వదిలేస్తాం మనం. అది తప్పు. బాగా కాసే పాదులో మంచి కాయకే అమ్మ గుడ్డపీలిక కడుతుంది. ఒకసారి తెలీక అదే కోసి పప్పులో వేశా, ఆ తిట్లు ఎడిటింగ్‌లో తీసేశాను. కాయ పాదు మీదే ఎండి, ఊపితే గింజలు గలగలమనాలి.

పక్కింట్లో వేరే రకం బీర ఉంటే పుప్పొడి కలిసిపోతుంది. బీర పువ్వు విచ్చేది సాయంత్రం. వెనక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. మధ్యాహ్నమే ఆడ, మగ మొగ్గలకి దారం చుట్టేయండి. సాయంత్రం విప్పి, మగపువ్వుతో అద్ది, ఆడపువ్వుకి మళ్లీ దారం కట్టండి. అంతే.

టమాటా వేరు. గింజ చుట్టూ జిగురుంటుంది, రెండు మూడు రోజులు గ్లాసులో నాననిచ్చి కడిగి నీడలో ఆరబెట్టాలి. పేపర్ మీద వద్దు, అంటుకుపోతాయి.

అమ్మ బీర సంగతి చెప్పలేదు కదా. ఒకప్పుడు మా పక్కింట్లో అద్దెకుండి గుడివాడ వెళ్లిపోయిన ఆంటీ పోయినేడాది వచ్చారు. సంచిలో ఒక పిడక. "మీరిచ్చినవే వదినా, ఏటా పేడలో అద్ది గోడకి కొడతాను" అన్నారు. ఎప్పుడిచ్చిందో అమ్మకే గుర్తులేదు. గీకితే 11 గింజలు వచ్చాయి, 7 మొలిచాయి.

ఈసారి గింజలు మూడిళ్లలో ఉన్నాయి. మా సీసా మాత్రం పై వాటా వాళ్ల అటక మీద. వచ్చే ఎపిసోడ్‌లో వంకాయ చూద్దాం, ఉంటాను.