తామరకాడను పట్టిన నాగులు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రాంటురోడ్డులో లోకల్ ఎక్కి బోరివిలీలో దిగితే కన్హేరి గుహలు దగ్గర. గేట్‌వే వద్ద లాంచీ ఎక్కితే ఘారాపురి, అనగా ఎలిఫెంటా. మొదటిది బౌద్ధ భిక్షువులది, రెండవది శివునిది. కన్హేరిలో ఒకచోట బుద్ధుడు తామరపూవుపై కూర్చుండగా, దాని కాడను క్రింద నాగులు పట్టుకొని వున్నారు. ఎలిఫెంటా ఉత్తరపు వాకిట యోగీశ్వరుడైన శివుడు కూర్చున్నదీ తామరపూవు మీదనే. ఆ కాడను పట్టినదీ నాగులే! పూర్వం కొందరు దొరలు దానిని బుద్ధవిగ్రహమనే భ్రమపడినారు.

ఎలిఫెంటాను తొలిచిన 6వ శతాబ్దిలో కన్హేరి విహారాలు నిండుగా వున్నవి. ఒకే శిల్పులు రెండుచోట్లా పని చేసి వుంటారని నా ఊహ. మన పేట పేరు కామాఠీలది గదా. తెలంగాణం నుండి వచ్చి ఈ నగరంలో రాళ్లు మోసినవారు, ఆ ఇంట్లో ఏ మతంవాడు కాపురముంటాడని అడిగి మోయలేదు.

మన దేశంలో పల్నాటి చేజర్లకు వెళ్లండి. కపోతేశ్వరాలయం వెనుకభాగం గుండ్రంగా, ఏనుగు వీపు వలె, అచ్చంగా బౌద్ధచైత్యపు తీరున వుంటుంది, లోపల శివలింగం. పావురం కోసం తొడ కోసి ఇచ్చిన శిబి కథ అక్కడి స్థలపురాణం. ఆ శిబియే నాగార్జునకొండ బౌద్ధశిల్పంలోనూ తొడ కోసుకుంటున్నాడు. అక్కడ ఆయన పూర్వజన్మలోని బుద్ధుడు.

అంతా సామరస్యమే అనుకోవద్దు. కంబోడియాలో ఏడవ జయవర్మ 12వ శతాబ్ది చివర బయోన్ ఆలయాన్ని బుద్ధునికి మొదలుపెట్టాడు. దాని గోడలపై శివుడు, విష్ణువు కూడా వున్నారు. తరువాతి కాలంలో అంగ్‌కోర్ ఆలయాల్లో బుద్ధుని బొమ్మలెన్నిటినో ఉలితో చెక్కివేసి, కొన్నిటిని శివలింగాలుగా మార్చారు.

ఈ సంగతి మనకెందుకంటారా? 1956లో అంబేద్కరు గారు నాగపూరులో బౌద్ధం స్వీకరించిన తరువాత ఈ నగరంలో బుద్ధవందన చేసే ఇండ్లెన్నో ఏర్పడ్డాయి. అవి మన ఇరుగుపొరుగు ఇండ్లే. “బుద్ధుడు మా దశావతారాల్లో ఒకడే గదా” అని మనవారు చనువుగా అంటూవుంటారు. దయచేసి అనకండి. బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మనన్నది ఆనాటి 22 ప్రతిజ్ఞలలో ఒకటి. రాతిలో రెండూ కలిసినంత మాత్రాన పొరుగువాని మాటను మనం మార్చి చెప్పరాదు.

బొంబాయిలో మనదేమున్నదని పిల్లలు అడిగితే కన్హేరి పెద్ద చైత్యానికి తీసుకుపోండి. అక్కడి శాసనంలో యజ్ఞశ్రీ శాతకర్ణి పేరున్నది, మన శాతవాహనుడే. రెండు చోట్లా సోమవారం సెలవు. కన్హేరిలో మెట్లెక్కువ, పొద్దున్నే బయలుదేరి, మంచినీళ్లు వెంట తీసుకువెళ్లండి.