‘బొక్క ఇరగలేదు కదా’ అనవద్దు
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బొంతపల్లిలో జరిగిన సభలో చేసిన ప్రసంగపాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా గారి కేసులో, పెన్షన్ అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున మనం డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి దెబ్బలు, బెణుకుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరారు. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. అయినా ఒప్పుకున్నాను. దానికి కారణం ఉంది.

మన బొంతపల్లి అంటే ఒకప్పుడు అందరికీ వీరభద్రస్వామి గుడి ఒక్కటే గుర్తుకు వచ్చేది. ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలు కూడా గుర్తుకు వస్తాయి. పటాన్‌చెరు, పాశమైలారం, గడ్డపోతారం, బొంతపల్లి అంతా పరిశ్రమల బెల్టు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన ఘోర ప్రమాదం దేశమంతటికీ తెలిసింది. కాని షిఫ్టులో డ్రమ్ము జారి కాలి మీద పడినవాడి సంగతి, రోలరులో చెయ్యి నలిగినవాడి సంగతి ఏ పేపరులోనూ రాదు. అటువంటి ఒకడి సంగతి చెబుతాను.

1998లో నేను సంగారెడ్డిలో సీనియర్ అసిస్టెంటును. మా తమ్ముని కొడుకు ఈ ప్రాంతంలోనే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇరవై రెండేళ్ల పిల్లవాడు. ఒక సాయంత్రం కుడి ముంజెయ్యి యంత్రంలో పడి నలిగింది. దగ్గరలోని ఒక దవాఖానలో ఎక్స్‌రే తీసి, బొక్క ఇరగలేదని చెప్పి, పట్టీ కట్టి, గోళీలిచ్చి పంపారు. పైకి రక్తం చుక్క లేదు. రాత్రి ఎనిమిదింటికి మా ఇంటికి తీసుకువచ్చారు. పది గంటలకు వాడు, “పెద్దనాయినా, ఓర్సుకుంటలేను. ఏళ్లు తిమ్మిరెక్కుతున్నయి” అన్నాడు. నేనేమన్నానో తెలుసా? “బొక్క ఇరగలేదు కదరా, గింతదానికే ఏడుస్తవా? గోళి ఏసుకొని పండు” అన్నాను. పట్టీ వదులైందేమోనని ఇంకాస్త బిగించి కట్టింది కూడా నేనే.

తెల్లవారేసరికి వేళ్లు చల్లబడి, పాలిపోయి ఉన్నాయి. జీపు మాట్లాడుకొని హైదరాబాదుకు పరుగెత్తాము. వెంటనే ఆపరేషన్ చేశారు. చెయ్యి దక్కింది, వేళ్లు దక్కలేదు. లోపలికి ముడుచుకుపోయి ఉండిపోయాయి. “రాత్రే తెస్తే బాగుండేది” అని అక్కడి డాక్టరు ఒక్క మాటే అన్నాడు. ఆ మాట నా సర్వీసులో అందుకున్న ఏ మెమో కన్నా బరువైనది.

ఆ తరువాత నేను చదివీ, డాక్టర్లను అడిగీ తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

బొక్క కాకుండా దెబ్బ తగిలే చర్మం, కొవ్వు, కండ, కీలును పట్టి ఉంచే బంధాలు, కండను బొక్కకు కట్టి ఉంచే తాళ్లు, వీటన్నిటినీ కలిపి డాక్టర్లు మృదు కణజాలం అంటారు. ఎక్స్‌రేలో బొక్క కనిపించినంత స్పష్టంగా ఇవి కనిపించవు. అందుకే ఎక్స్‌రే బాగుంది అంటే బొక్క బాగుందని మాత్రమే అర్థం.

గాయం ధ్రువపత్రాలు చూసిన గుమాస్తాగా ఒక మాట. పాత శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో తీవ్ర గాయాలు ఎనిమిది రకాలు. ఏడవది బొక్క విరగడం. జనానికి అదొక్కటే గుర్తుంది. కాని దానికి ముందే, అయిదవదిగా, ఏ అవయవం శక్తి అయినా శాశ్వతంగా దెబ్బతినడం అని రాసి ఉంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో కూడా అది ఉన్నది. చట్టానికి తెలిసిన సంగతి మనకు తెలియలేదు.

మా వాడికి జరిగింది ఏమిటంటే, ముంజేతిలో, పిక్కలో కండలు, నరాలు, రక్తనాళాలు గట్టి పొర చుట్టిన అరలలో ఉంటాయి. ఆ పొర సాగదు. నలిగిన కండ లోపల వాచితే వాపుకు చోటుండదు. ఒత్తిడి పెరిగి రక్తం ఆడదు. ఇంచుమించు ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. దీనికి గుర్తులు నాలుగు. దెబ్బకు మించిన నొప్పి, గోళీలకు తగ్గని నొప్పి. వేళ్లను మెల్లగా చాపితే కేక పెట్టేంత బాధ. చెయ్యి తాకితే చెక్కలా బిర్రుగా ఉండడం. తిమ్మిరి. పాలిపోవడం, నాడి అందకపోవడం చివరలో వస్తాయి, వాటి కోసం ఎదురుచూడరాదు. అటువంటప్పుడు పట్టీలన్నీ విప్పాలి. ఐస్ పెట్టరాదు. చేతిని గుండె ఎత్తులోనే ఉంచి, ఆపరేషన్ సదుపాయమున్న ఆసుపత్రికి రాత్రి అని చూడక వెళ్లాలి.

ఫ్యాక్టరీ పిల్లలున్న ఇళ్లవారికి మరొకటి. గ్రీజు గన్ను, హైడ్రాలిక్ పైపు, స్ప్రే నుంచి ఒత్తిడితో దూసుకువచ్చిన నూనె గాని రంగు గాని వేలిలోకి పోతే పైన సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది. నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. లోపల మాత్రం వేలి పొడవునా పాకిపోతుంది. అది చిన్న గాయం కాదు, ఆపరేషన్ కేసు. వేలు తెగిపడితే తెగిన ముక్కను తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, ఆ సంచిని ఐస్ నీళ్లలో ఉంచి మనిషితోపాటు పంపాలి. ముక్కను నేరుగా ఐస్‌లో వేయరాదు.

ఇక సాధారణ గాయాలు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పది నిమిషాలు పట్టుకోవాలి. మధ్యలో ఎత్తి చూడరాదు. గుడ్డ తడిస్తే తీయక, దానిపైనే ఇంకొకటి పెట్టాలి. గుచ్చుకున్న ఇనుపముక్కను పీకరాదు. అది కదలకుండా చుట్టూ గుడ్డ పెట్టి తీసుకుపోవాలి. గీరుకుపోయిన గాయాన్ని కుళాయి నీటి ధార కింద బాగా కడగాలి. పసుపు, కాఫీపొడి, సున్నం, కిరోసిన్ వద్దు. మన పెద్దలు వేరే దారి లేక వేశారు, మనకు దారి ఉంది. ధనుర్వాతం సూది ఎప్పుడు వేసుకున్నామో రాసి పెట్టుకోవాలి. మట్టి, తుప్పు అంటిన గాయమై, వేసుకుని అయిదేళ్లు దాటితే మళ్లీ అవసరం. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి.

బెణుకు సంగతి. 1978లో అమెరికా వైద్యుడు మిర్కిన్ విశ్రాంతి, ఐస్, పట్టీ, ఎత్తు అనే నాలుగు సూత్రాలకు ఒక పొట్టి పేరు పెట్టాడు. ఐస్, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని 2014లో ఆయనే సవరించుకున్నాడు. ఇప్పుడు చెప్పేది ఇది: మొదటి రోజు రెండు రోజులు నొప్పి తగ్గడానికి గుడ్డలో చుట్టిన ఐస్ పది, పదిహేను నిమిషాల చొప్పున పెట్టవచ్చు. ఎలాస్టిక్ పట్టీ వేళ్ల వైపు నుంచి పైకి కట్టాలి. కట్టాక గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి, రాకపోతే వదులు చేయాలి. నూనె పెట్టి మర్దన, వేడి కాపడం రెండు మూడు రోజుల వరకు వద్దు. తరువాత మెల్లగా కదిలించాలి. నెలల తరబడి కట్టి పడేయరాదు. మడమ బెణికితే బొక్క అనుమానం ఎప్పుడు? చీలమండ గుబ్బల వెనుక అంచున నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో చెప్పిన పద్ధతిలో ముఖ్యాంశమిది.

మన వయసువారికి ప్రత్యేకం. మనలో చాలామంది గుండె జబ్బుకు రక్తం పలచబడే గోళీలు వేసుకుంటున్నాము. మనకు చిన్న దెబ్బకే లోపల రక్తం గూడుకట్టి నల్లగా కములుతుంది. నల్లమచ్చ పెరుగుతుంటే చూపించుకోవాలి. అటువంటివారు తలకు దెబ్బ తగిలితే, మాట బాగున్నా, నడక బాగున్నా, ఆసుపత్రికి వెళ్లవలసిందే. మన చర్మం పలచన. కాగితంలా లేచివస్తే ఆ పొరను చించేయక, తడి గుడ్డతో మెల్లగా యథాస్థానంలో పరిచి, అంటుకోని డ్రెస్సింగ్ వేయాలి. బాత్‌రూములో జారి పడి కాలు మీద నిలబడలేకపోతే ఉత్త కమిలిన దెబ్బ అనుకోరాదు, తుంటి బొక్క అయి ఉండవచ్చు. షుగరున్నవారికి పుండు చుట్టూ ఎరుపు పాకుతూ, జ్వరం వచ్చి, పైకి కనిపించే దానికన్నా నొప్పి ఎక్కువుంటే ఒక్క పూట కూడా ఆగరాదు. నొప్పి గోళీలు మెడికల్ షాపులో అడిగి మింగవద్దు. కిడ్నీకి, కడుపుకు ముప్పు.

చట్టం మాట కూడా చెప్పి ముగిస్తాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలనీ, 500 మంది దాటితే అంబులెన్స్ గది ఉండాలనీ ఆనాడే చెప్పింది. పెట్టె గోడకు వేలాడితే చాలదు, తెరిచేవానికి పని తెలియాలి. గాయపడినవాడిని కేసు పేరుతో తిప్పి పంపరాదని 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు మీద పడినవారికి సాయపడినవారిని కేసుల నుంచి కాపాడుతూ 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 మన దగ్గర ఉంది. మా వాడి చెయ్యి నలిగిన రాత్రి ఆ బండి లేదు. ఇప్పుడు ఉన్నది. మనకు కావలసింది ఫోను చేసే బుద్ధి మాత్రమే.

మా తమ్ముని కొడుకు ఇప్పుడు ఊళ్లోనే కిరాణా దుకాణం నడుపుతున్నాడు. ఎడమచేత్తో లెక్కలు రాస్తాడు. మొన్న నా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి నన్ను బండి మీద తీసుకుపోయినది వాడే. ఈ ఇరవై ఏడేళ్లలో ఒక్కనాడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

అందువల్ల నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఎవరైనా నొప్పి ఓర్వలేకున్నాను అంటే, బొక్క ఇరగలేదు కదా అనకండి. పట్టీ విప్పి చూడండి. గోరు నొక్కండి. వేళ్లు కదిలించమనండి. అనుమానం వస్తే లేచి బయలుదేరండి. ఫైలు పెండింగులో ఉంటే తరువాత క్లియర్ చేసుకోవచ్చు. కండ పెండింగులో ఉండదు.