పనిక్రమాన్ని గీయడం, గీసినదాన్ని మళ్లీ వాడుకోవడం

(సంఘ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలూ నాట్యాలూ ఉన్న ఉత్సవంలో కంప్యూటర్ల మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన కుటుంబాల్లో ఇవాళ చాలామంది ఆఫీసుల్లో, గోడౌన్లలో, బ్యాంకుల్లో, దుకాణాల్లో పనిచేస్తున్నారు. పొద్దున వెళ్లి వారు కూర్చునేది ఒక తెర ముందు. ముందు ఇది నింపు, తరువాత అది నింపు అని ఆ తెర చెబుతుంది. ఆ వరుసను ఎవరు నిర్ణయించారు? ఎక్కడ నిర్ణయించారు? అది మన పనికి సరిపోతుందా? ఈ మూడు ప్రశ్నలకు తెలిసినంతలో జవాబు చెప్పడానికి, ఈ రంగంలో పనిచేసే మేము కొద్దిమందిమి మీ ముందుకు వచ్చాము.

ముందుగా పనిక్రమం అంటే ఏమిటో చూద్దాము. ఒక దుకాణానికి బియ్యం కావాలి. ఒకరు ఆర్డరు రాస్తారు. సరుకు వచ్చినప్పుడు మరొకరు బస్తాలు లెక్కపెట్టి దించుకుంటారు. అమ్మినవారు బిల్లు పంపుతారు. లెక్కల గుమస్తా ఆర్డరును, సరుకు చీటీని, బిల్లును పక్కపక్కన పెట్టి సరిచూసి డబ్బు చెల్లిస్తాడు. చిన్న దుకాణంలో ఈ పనులన్నీ ఒక్క మనిషే చేస్తాడు. పెద్ద సంస్థలో వందలమంది చేస్తారు. పని ఒకరి చేతినుంచి మరొకరి చేతికి ఏ వరుసలో పోతుంది, ఎక్కడ రెండుగా చీలుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నదే పనిక్రమం. దాన్ని కాగితంమీద బొమ్మగా గీస్తే అది నమూనా అవుతుంది.

ఇలా గీయడం కంప్యూటర్లతో పుట్టిన విద్య కాదు. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే దంపతులు 1921లోనే పనిక్రమ పటాలను మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టారు. పని ఎక్కడ సాగుతున్నది, ఎక్కడ ఊరికే ఎదురుచూస్తున్నది అన్నది బొమ్మలో కనిపిస్తే తప్ప దాన్ని బాగుచేయలేమని వారి ఉద్దేశం.

బొమ్మ గీయడంవల్ల ఏమి లాభమో ఒక ఉదాహరణ చెబుతాము. 1980 దశకం మొదట్లో ఉత్తర అమెరికాలోని ఫోర్డు మోటారు కంపెనీలో, బిల్లులు చెల్లించే విభాగంలోనే 500 మందికి పైగా ఉండేవారు. మనం ఇందాక చెప్పుకున్న ఆ మూడు కాగితాల్లో 14 అంశాలు సరిపోవాలి. ఒక్కటి తేడా వచ్చినా చెల్లింపు ఆగిపోయేది. గుమస్తాల కాలమంతా ఆ తేడా ఎక్కడ వచ్చిందో వెతకడానికే సరిపోయేది. జపానులోని మాజ్డా కంపెనీలో ఇదే పనికి 5 గురే ఉండేవారు. మాజ్డా చిన్న కంపెనీయే. ఆ సంగతి లెక్కలోకి తీసుకున్నా తేడా చాలా ఎక్కువ.

ఫోర్డువారు మొదట కంప్యూటర్లు పెట్టి 20 శాతం మందిని తగ్గిద్దామనుకున్నారు. తరువాత ఆ వరుసనే మార్చివేశారు. బిల్లు అన్న కాగితాన్నే తీసివేశారు. సరుకు దించుకునే మనిషి కంప్యూటర్లో ఆర్డరు చూసుకుని, సరిపోతే అక్కడే ఒప్పుకుంటాడు. సరిపోకపోతే సరుకు వెనక్కి పంపుతాడు. 14 అంశాలకు బదులు మూడు చూస్తే చాలు. ఆ విభాగంలో మనుషులు 75 శాతం తగ్గారు. మైకేల్ హామర్ 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ కథ రాశాక ప్రపంచమంతా చెప్పుకున్నారు. అటువంటి చోట్ల తగ్గే ఉద్యోగాలు ఎవరివో మన కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఈ విద్యను మన పిల్లలు బయటినుంచి చూస్తూ కూర్చోక, లోపలినుంచి తెలుసుకోవాలని మా కోరిక.

ఇక మళ్లీ వాడుకోవడం సంగతి. ఒకప్పుడు ప్రతి కంపెనీ తన లెక్కల ప్రోగ్రాములను మొదటినుంచి తానే రాయించుకునేది. జీతాల లెక్క, కొనుగోళ్ల లెక్క ఏ కంపెనీలోనైనా చాలావరకు ఒకటే గదా, ప్రతిచోటా మళ్లీ రాయడమెందుకు అని జర్మనీలో ఐ.బి.యం. కంపెనీ వదిలివచ్చిన ఐదుగురు ఇంజనీర్లు ఆలోచించారు. 1972లో ఎస్.ఏ.పి. అనే సంస్థ పెట్టారు. ఒకసారి రాసిన ప్రోగ్రామును అనేక కంపెనీలకు అమ్మడం వారి పద్ధతి. 1992లో వచ్చిన వారి ఆర్-3 అనే వ్యవస్థ దేశదేశాలకూ పాకింది.

అన్ని కంపెనీలూ ఒకటే అయితే చిక్కు లేదు. కాని దేశానికొక పన్ను, కంపెనీకొక ఆచారం. అందుచేత మారనిదాన్ని ఒకచోట, మారేదాన్ని మరొకచోట పెడతారు. మనందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాము. దక్షిణాఫ్రికాలో అమ్మకాలపై విధించే వ్యాట్ పన్ను 2018 ఏప్రిల్ 1 నాడు 14 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది. పన్ను రేటును ఒకే పట్టికలో రాసుకున్న దుకాణాలవారు ఆ ఒక్క గడిని మార్చితే సరిపోయింది. 14 అన్న అంకెను వంద ప్రోగ్రాముల్లో వందచోట్ల రాసిపెట్టినవారు ఆ వందచోట్లా వెతుక్కోవలసిందే. మళ్లీ వాడుకునేలా గీయడమంటే ముఖ్యంగా ఇదే: రేపు ఏది మారుతుందో ఇవాళే ఊహించి, దాన్ని విడిగా ఉంచడం.

ప్రోగ్రాములనే కాదు, పటాలను కూడా ఇలా మళ్లీ వాడుకుంటారు. జర్మనీలోని జార్‌బ్రుకెన్ నగరంలో ఆచార్య షేర్, ఆయన సహచరులు 1992లో ఒక చిత్రలిపిని తయారుచేశారు. ఒక సంఘటన జరుగుతుంది, దానివల్ల ఒక పని మొదలవుతుంది, ఆ పనివల్ల మరొక సంఘటన జరుగుతుంది అని గొలుసుగా గీసుకుంటూ పోవడం దాని పద్ధతి. ఎస్.ఏ.పి. వారి ఆదర్శ నమూనాల్లో అటువంటి పటాలు 604 ఉన్నాయి. కొనడం, అమ్మడం, జీతాలివ్వడం ఎలా జరగాలో అందులో చూసుకోవచ్చు. తరువాత 2004లో బి.పి.ఎం.ఎన్. అనే మరొక లిపి వచ్చింది. 2013లో దాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా అంగీకరించారు.

ఇంత శ్రద్ధగా గీసిన పటాలుకూడా పూర్తిగా నమ్మదగినవి కావు. యాన్ మెండ్లింగ్, విల్ వాన్ డెర్ ఆల్స్ట్ మొదలైన పరిశోధకులు ఆ 604 పటాలనూ కంప్యూటరు చేత పరీక్షింపజేసి 2006లో ఫలితాలు వెల్లడించారు. కనీసం 34 పటాల్లో తప్పులున్నాయి. అటువంటి తప్పు ఎలా ఉంటుందంటే, రెండు దారుల్లో ఒకదాన్నే ఎంచుకోమని ముందు చెప్పి, తరువాత ఆ రెండు దారులూ వచ్చి కలిసేదాకా ఆగమని చెప్పడం. రెండవ దారిన ఎవరూ రారు. పని అక్కడే నిలిచిపోతుంది. ఇటువంటి పటాన్ని పరీక్షించకుండా ఎత్తిరాసుకున్నవారికి ఆ తప్పుకూడా ఉచితంగానే వస్తుంది.

బొమ్మలో ఉన్న తప్పును కంప్యూటరు పట్టుకోగలదు. బొమ్మలోకి అసలు రానిదాన్ని ఏ కంప్యూటరూ పట్టుకోలేదు. ఇది చెప్పడానికి మన ముత్తాతల కాలానికి వెళ్లవలసి ఉంది.

కూలీలను ఒప్పందంమీద ఓడల్లో పంపే ఏర్పాటు 1834లో మారిషస్‌తో మొదలయింది. 1838లో బ్రిటిష్ గయానాకు, 1860లో నేటాల్‌కు, 1879లో ఫిజీకి అదే ఏర్పాటును తీసుకుపోయారు. కూలీలను పోగుచేసే మనిషి, డిపో, వైద్యపరీక్ష, ఒప్పందం, ఓడ, దిగినచోట మళ్లీ రిజిస్టరు. స్థలాన్నిబట్టి చిన్న చిన్న మార్పులు తప్ప వరుస అదే. ఒక పనిక్రమాన్ని గీసి, సముద్రాల మీదుగా మళ్లీ మళ్లీ వాడుకోవడానికి ఇంతకంటె పెద్ద ఉదాహరణ మన కుటుంబాలకు మరొకటి లేదు. ట్రురో అనే ఓడ మద్రాసునుంచి 1860 నవంబరు 16 నాడు డర్బన్ చేరింది. 1911 వరకు ఈ క్రమంలో నేటాల్ చేరినవారు 1,52,184 మంది.

ఆ రిజిస్టర్లలో వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాసుకున్నారు. ఇంటిపేరుకు గడి లేదు. మాట్లాడే భాషకు గడి లేదు. తోటలకు మనుషులను సరఫరా చేసేవారికి వాటితో పని లేదు కాబట్టి ఆ గడులు గీయలేదు. దాని ఫలితం మన ఇళ్లలోనే ఉంది. ఎన్నో కుటుంబాల్లో తాతగారి పేరే తరువాతి తరాలకు ఇంటిపేరయింది. అసలు ఇంటిపేరు ఎవరైనా పెద్దలు నోటితో చెప్పి ఉంటేనే మిగిలింది. విశాఖపట్నం జిల్లా అని రాసి ఉంటే తెలుగువారై ఉంటారని ఊహించుకుంటాము. ఉత్తర ఆర్కాటు అని ఉంటే తెలుగో తమిళమో ఆ కాగితం చెప్పదు.

గుమస్తా దురుద్దేశంతో మన ఇంటిపేర్లను చెరిపివేయలేదు. అతనికిచ్చిన కాగితంలో చోటు లేదు, అంతే. నమూనా చేసే పెద్ద హాని ఇలాగే జరుగుతుంది, చప్పుడు లేకుండా. కాబట్టి ఎక్కడినుంచైనా ఒక నమూనా తెచ్చుకునేటప్పుడు అందులో ఏమున్నదో చూడడంతోపాటు, ఏ గడి లేదో కూడా అడగాలి. ఆ పని రోజూ చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. మా అనుభవంలో ఒక ఆఫీసులో తెరమీద చోటు లేని సంగతులన్నీ ఒక గుమస్తా తన సొరుగులోని నోటుపుస్తకంలో రాసుకునేది. కంపెనీ నిజంగా నడిచేది ఆ పుస్తకంమీదనే.

మరి పరాయి నమూనా తెచ్చుకోకూడదా అంటే, తప్పకుండా తెచ్చుకోవచ్చు. ఎలా తెచ్చుకోవాలో మన ఆడపడుచులకు బాగా తెలుసు. ఉగాది ఆంధ్రదేశంలో వసంతకాలపు పండుగ. ఇక్కడ అదే రోజు ఆకులు రాలే కాలంలో వస్తుంది. వేపపూవు, లేత మామిడికాయ మన పెరట్లో దొరకకపోవచ్చు. అయినా ఉగాది పచ్చడి మానలేదు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు ఆరూ కలిసి ఉండాలి అన్న కారణం మన అమ్మమ్మలకు తెలుసు. అందుచేత పూవు లేకపోతే చేదుకు మరొకటి వేసి పచ్చడిని నిలబెట్టారు. కారణం తెలిసినవారు వస్తువును మార్చినా ఆచారం నిలుస్తుంది. కారణం తెలియనివారు వస్తువు దొరకలేదని ఆచారాన్నే వదిలేస్తారు. పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు ఖర్చుపెట్టి నేర్చుకునే పాఠం ఇదే.

ఇప్పుడు మన సంఘం సంగతికి వస్తాము. మన హాలు అద్దెకివ్వడం, ఉగాదినాటి భోజనాలు, పిల్లల తెలుగు తరగతులు, వీటి పనిక్రమాలు ఎక్కడున్నాయి? కొద్దిమంది పెద్దల తలల్లో ఉన్నాయి. ఎవరి ఇంట్లోనైనా పెద్దవారు పోతే మొదటి గంటలో ఎవరికి ఫోను చేయాలి, ఏ కాగితాలు తీయాలి, పూజారిగారు దొరకకపోతే ఎవరిని పిలవాలి, ఏ సామాను తెప్పించాలి అన్నది ఇద్దరు ముగ్గురికే తెలుసు. ఆ ఇద్దరు ముగ్గురూ లేనినాడు దుఃఖంలో ఉన్న కుటుంబం ఎవరినడగాలి?

కాబట్టి యువతీ యువకులకు మా మనవి ఇది. ఒక్కొక్క పెద్దవారి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. ఐదు ప్రశ్నలడగండి. ఏది జరిగితే ఈ పని మొదలవుతుంది? ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోతుంది? అనుకున్నట్టు జరగకపోతే ఏమి చేస్తారు? ఎందుకిలా చేస్తారు? ఈ పనిలో ఎవరి సంగతి మరిచిపోతుంటారు? జవాబులను ఒక్క కాగితంమీద బొమ్మగా గీయండి. పక్కన తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. మూడో ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ ఎక్కువ చోటు వదలండి. ఆ కాగితాన్ని తిరిగి ఆ పెద్దవారికే చూపించి సరిచేయించండి. అప్పుడు వేరే ఊళ్లలోని మన వారికి పంపండి. వారు తమ ఊరికి తగినట్టు మార్చుకుంటారు.

పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లలు వచ్చి అడిగినప్పుడు ఇంత చిన్న విషయం రాయడమెందుకని అనకండి. కుటుంబం ఇంటిపేరుకూడా ఒకనాడు అలా రాయనక్కరలేదనిపించిన చిన్న విషయమే. మీకు ఆ పేరు తెలిసి ఉంటే పనిక్రమాలకంటె ముందు అదే చెప్పండి. పిల్లలు ఆ గడిని గీసుకుంటారు.