బరనీ అప్పుడే రాసి ఉంటే

 

పట్టాలందుకున్న పిల్లలూ, మీ ముందు నిలబడిన ఈ మనిషి ఉద్యోగమంతా రెవెన్యూ శాఖలో గడిచింది. బకాయి నోటీసుతో బంట్రోతు ఒక్కడే వెళ్తే ఊరు వాదనకు దిగుతుంది. వెంట సాయుధులుంటే అదే ఊరు తలుపులేసుకుంటుంది.

సాయుధులతో పన్ను రాబడితే ఏమవుతుందో ఒక ఊరు చూసింది. ఢిల్లీకి దగ్గర్లోని బులంద్‌షహర్ పాత పేరు బరన్. 14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తాన్ మహమ్మద్ బిన్ తుగ్లక్ గంగా యమునల మధ్య నేలపై పన్ను పెంచాడు. కట్టలేని రైతులు పంట కుప్పలకు నిప్పుపెట్టి అడవులు పట్టారు. సుల్తాన్ తన సైనికాధికారులైన ఫౌజ్‌దార్లను ఉసిగొల్పాడు. కొందరిని చంపారు, కొందరి కళ్లు పొడిచారు. బరన్‌ను దోచి, నరికిన తలలను కోట బురుజులకు వేలాడదీశారు. వానలూ లేక, సేద్యమూ లేక ఢిల్లీలో కరువొచ్చింది. చివరికి అదే సుల్తాన్ సాగు కోసం రైతులకు అప్పులివ్వాల్సి వచ్చింది.

ఇదంతా రాసినవాడు ఆనాటి చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ. ఆ ఊరి పేరే ఆయన పేరులో ఉంది. పన్ను ఎన్ని రెట్లు పెరిగిందన్న ఆయన లెక్కను చరిత్రకారులు పూర్తిగా నమ్మరు. కానీ 17 ఏళ్లు ఆ సుల్తాన్ కొలువులో ఉండి, భయంతో, ధనాశతో నిజం చెప్పలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన చరిత్ర గ్రంథం పూర్తయింది 1357లో. సుల్తాన్ చనిపోయింది 1351లో!

పిల్లలూ, మీతో పేచీ ఇక్కడే. బరనీకి చదువు తక్కువా? కళ్లు లేవా? రేపు మీరూ ‘పైవాళ్ల ఉత్తర్వు, మనదేముంది’ అంటారేమో! ఆ మాట మీ నోట రాకూడదు.

ఇది ఒక్క ఢిల్లీ కథ కాదు. రోమన్ చక్రవర్తి గలేరియస్ పన్నుల గణనలో తల్లిదండ్రులపై సాక్ష్యం చెప్పమని పిల్లలను హింసించారని ఆనాటి రచయిత లాక్టాంటియస్ రాశాడు. మన మద్రాసు రాజధానిలో ఈస్టిండియా కంపెనీ బంట్రోతులు శిస్తు కోసం రైతులను ఎండలో నిలబెట్టారు, మెడను కాళ్లకు వంచి తాళ్లతో కట్టారు. తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి ఊరుకోలేదు. ‘క్రెసెంట్’ పత్రిక నడిపాడు, మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టాడు, 1853లో వచ్చిన బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమోర్‌కు రైతుల దుస్థితి చూపించాడు. హింస నిజమేనని 1855లో విచారణ సంఘం తేల్చింది.

మీలో సివిల్స్‌కు వెళ్లేవాళ్లుంటారు, బ్యాంకు బకాయిలు రాబట్టేవాళ్లుంటారు. బలగాన్ని పంపమనే కాగితం మీ బల్ల మీదికొస్తే, ముందు ఆ ఊరెళ్లి పంట చూడండి. చూసింది చూసినట్టు ఫైలులో రాయండి. ఆ రోజే రాయండి.