రేడియేటర్‌కు కరెంటు ఫ్యాన్ బిగించే ముందు

పాత అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో, జీపునో ఇంకా ఇష్టంగా నడుపుకుంటున్నవారి కోసం ఈ నాలుగు మాటలు.

ఎండాకాలం హైవే మీద బండి హాయిగానే పోతుంది. ఊళ్లోకొచ్చి సిగ్నల్ దగ్గర ఆగగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. ఆ బండ్లలో ఫ్యాన్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టే. బండి ఆగి, గాలి బాగా కావాల్సిన సమయానికి ఇంజిన్ నెమ్మదిస్తుంది, దానితోపాటు ఫ్యానూ నెమ్మదిస్తుంది. కరెంటు ఫ్యాన్‌కు ఆ ఇబ్బంది లేదు. అయితే ముందు రేడియేటర్ పూడిపోలేదని చూసుకోండి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసి ఉప్పు పట్టిన రేడియేటర్‌కు ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా దండగే.

ఫ్యాన్‌ను ఇంజిన్ వైపు పెడితే గాలిని లాగాలి, గ్రిల్ వైపు పెడితే నెట్టాలి. చోటుంటే లాగే ఫ్యానే మేలు. దాన్ని బిగించాక ఓ కాగితాన్ని ముందు నుంచి రేడియేటర్‌కు ఆనించి చూడండి, అతుక్కుని నిలవాలి. నెట్టే ఫ్యాన్ తెచ్చి, వైర్లు అటూ ఇటూ మార్చి లాగే ఫ్యాన్‌గా వాడేవాళ్లున్నారు. మోటారు ఎదురు తిరుగుతుంది గానీ, రెక్కల వంపు మారదు కదా! గాలి బాగా తగ్గిపోతుంది. రేడియేటర్ రెక్కల మధ్య నుంచి ప్లాస్టిక్ పట్టీలు దూర్చి ఫ్యాన్ కట్టడమూ వద్దు. అదురుకు అవి గొట్టాలను రాసి రాసి చిల్లు పెడతాయి. పట్టీ ఇనుము వంచి, ఫ్రేముకు బోల్టులతో బిగించండి.

ఇక అసలు సంగతి, ఫ్యాన్‌ను ఎవరు వెయ్యాలి, ఎవరు ఆపాలి? డాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టి మీరే వేసుకుంటామంటే నేనొప్పుకోను. ఒక్కసారి మరిచిపోతే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఆ పని థర్మో స్విచ్‌కు అప్పగించండి. థర్మోస్టాట్ 82 డిగ్రీలకు తెరుచుకునేదైతే, ఇంజిన్ నుంచి వేడి నీళ్లు బయటికొచ్చే చోట 92కు వేసి 87కు ఆపే స్విచ్ సరిపోతుంది. ఆపే డిగ్రీ థర్మోస్టాట్ డిగ్రీకి పైనే ఉండాలి, లేకపోతే ఫ్యాన్ ఆగడమే ఉండదు. ఎండాకాలమని థర్మోస్టాట్ పీకేయించుకోకండి.

12 వోల్టుల 120 వాట్ల మోటారు 10 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు. ఆ కరెంటంతా చిన్న స్విచ్‌లోంచి పోనిస్తే అది కాలిపోతుంది. అందుకే రిలే ఉండాలి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టి, అక్కడి నుంచి లావు వైరు రిలే 30వ కాలుకు, 87 నుంచి ఫ్యాన్‌కు ఇవ్వండి. 86కు ఇగ్నిషన్ కరెంటు, 85 థర్మో స్విచ్ ద్వారా ఎర్త్‌కు. ఫ్యాన్ ఎర్త్‌ను పెయింటు గీకిన బాడీ ఇనుముకే బిగించండి. బండిలో ఏసీ ఉంటే, అది వేసినప్పుడల్లా ఫ్యాన్ తిరిగేలా ఇంకో రిలే అవసరం. డైనమో ఉన్న బండైతే ముందు ఆల్టర్నేటర్‌కు మారండి. రాత్రి హెడ్‌లైట్లూ ఫ్యానూ కలిస్తే ఆ డైనమోకు మోయలేని బరువు.

అంతా అయ్యాక బండిని నీడలో ఐడిలింగ్‌లో ఉంచి, ఫ్యాన్ తనంతట తాను మూడు నాలుగు సార్లు తిరిగి ఆగేదాకా ముల్లు చూస్తూ ఉండండి. అప్పటిదాకా పాత బెల్టు ఫ్యాన్‌ను పారేయకండి.