స్థిర విద్యుత్తు – ఒక పాత కంప్యూటరు మరమ్మతు

1984లో మొదలైన ‘క్లాస్’ పథకం క్రింద మన దేశంలోని పాఠశాలలకు వచ్చిన బి.బి.సి. మైక్రో కంప్యూటరు ఒకటి నా వద్ద ఉన్నది. భద్రావతి పొడి చలికాలంలో, నైలాన్ చాప మీద నడిచి వచ్చి దాని యూజర్ పోర్టును తాకాను. వేలికి చురుక్కుమన్నది. తెర, మీటలు యథాప్రకారం పనిచేశాయి గనుక నష్టం లేదనుకున్నాను. పొరపాటు! ఆ పోర్టు తీగలు నేరుగా 6522 చిప్పుకే చేరుతాయి. కేబులు తీసివేసి, ఎనిమిది తీగలకూ సున్న, ఒకటి మార్చి మార్చి పంపి మీటరుతో కొలిచాను. ఏడు మారాయి, ఒకటి కదలలేదు. బోర్డు మీది రాగి దారులు చెడకుండా చిప్పు కాళ్ళు ముందు కత్తిరించి, ఒక్కొక్కటిగా ఊడదీసి, సాకెట్టు పెట్టి, కొత్త 6522 అమర్చాను. ఈసారి మణికట్టుకు ఎర్తు పట్టీ కట్టుకున్నాననుకోండి! మనకు చురుకు తెలియడానికి సుమారు 3000 వోల్టులు కావాలి. చిప్పు చెడడానికి అంతకు ఎన్నో రెట్లు తక్కువ చాలు. ఆ యంత్రాన్ని నేడు మన పాఠశాలకు అప్పగిస్తున్నాను. పట్టీ కూడా పెట్టెలోనే ఉన్నది.