బాలబాలికల వేసవి సెలవులు
(టెక్కలిలో నొక పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



న్యాయస్థానములకు వేసవి సెలవులు కలవు. ఆ దినములలో ఏ కక్షిదారుడైనను కాగితముల కట్టతో నా యింటికి వచ్చినచో నాకు విసుగు కలుగును. అట్టి నేనే నిరుడు తొమ్మిదేండ్ల నా కుమారుని, బడి మూసిన మూడవనాడే, గణితము బోధించు వేసవి తరగతిలో చేర్చితిని. జూనులో బడి తెఱచిన దినమున వాడు, "నాన్నా, మాకు సెలవులెప్పు డిస్తారు?" అని యడిగెను. నాకు మాట రాలేదు. ఆ ప్రశ్ననే నేడు మీ ముందు పెట్టుచున్నాను.

నా చిన్ననాట వేసవి వచ్చినచో ఉద్దానములోని అమ్మమ్మగారి ఊరికి పోయెడివారము. ఉద్దానమనగా తోటలసీమ గదా! పనస, మామిడి, జీడిమామిడి, కొబ్బరి చెట్ల నీడను కోతికొమ్మచ్చి, గోటీబిళ్ళ ఆడుకొంటిమి. ముంజెకాయలతో బండ్లు కట్టుకొంటిమి. ఏ కొమ్మ మోయునో ఏది మోయదో మాకెవ్వరును బోధింపలేదు. ఆటలో తగవు వచ్చినచో తీర్పు మేమే చెప్పుకొంటిమి. నేను చదివిన న్యాయశాస్త్రమునకు మొదటి పాఠశాల ఆ పనసచెట్టు నీడయే.

2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఆ తోటల నెన్నింటినో నేలగూల్చెను. రైతులు మరల మొక్కలు నాటిరి. చెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టునని ఓర్చుకొను మనము, బిడ్డ ఎదుగుటకు మాత్రము ఓర్వలేకున్నాము.

ఇది కలవారి బిడ్డల మాట. లేనివారి బిడ్డల మాట వేఱు. మూత్రపిండ వ్యాధి ఉద్దానములో ఎందఱు ఇంటిపెద్దలను మంచము పట్టించినదో మీరెఱుగుదురు. అట్టి యిండ్లలో సెలవులనగా బిడ్డ నాలుగు రూపాయలు తెచ్చు దినములు. తల్లి జీడిపిక్కలు ఒలుచుచుండగా బిడ్డయు ప్రక్కన చేరును. ఆ తొక్కలోని రసము చేతులను కాల్చును.

చట్టమేమి చెప్పుచున్నది? 14 ఏండ్లు నిండని వారిని ఏ పనిలోను పెట్టరాదని 2016 నాటి సవరణ శాసించినది. కాని సెలవులలో కుటుంబమునకు సాయపడవచ్చునను మినహాయింపును అందే కలదు. అపాయకరమైన పనులకు ఆ మినహాయింపు లేదు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, తన 31వ అధికరణమున, విశ్రాంతిని, ఆటను హక్కులుగా పేర్కొన్నది. 1992లో మన దేశమును దానిని అంగీకరించినది. అయినను చట్టమును చూపినంతమాత్రమున ఆకలి తీరదు.

కావున ముగ్గురికి ముమ్మాఱు మనవి చేయుదును. పలాస వర్తకులారా! బిడ్డ చేయి అక్కఱ లేకుండునట్లు తల్లికి కూలి యిండు. పఠనమందిర నిర్వాహకులారా! మిట్టమధ్యాహ్నపు వేళ తలుపులు తెఱచి, ఒక కుండ మంచినీళ్ళును, కొన్ని కథల పుస్తకములును ఉంచుడు. ఏమి చదివితిరని మాత్రము పరీక్షింపకుడు. తల్లిదండ్రులారా! చల్లని పూటల బిడ్డలను వీధిలోనికి, పెద్దల తోడుతో సముద్రపుటొడ్డునకు వదలుడు.

ఏప్రిలు చివరినుండి జూను రెండవ వారము వఱకు ఇంచుమించు ఏడు వారములు. ఏడాదిలో బిడ్డకు తనదని చెప్పుకొనదగిన కాలము అంతియే. దానిని మనము అపహరింపరాదు. ఈ యేడు మావానిని ఏ తరగతికిని పంపను. నా తప్పు నేను దిద్దుకొనుచున్నాను, మీరును ఆలోచింపుడు.